తెల్లవారు ట్రిప్పుకే ఆగే బండి

వజ్రపుకొత్తూరు
3 జూలై 2025

మావయ్యకి సంతోషి రాస్తున్న ఉత్తరం.

ఫోను చేస్తే నీకు వినబడదు, మెసేజి పెడితే నెలకోసారి చూస్తావు. కాగితం మీద రాస్తేనే జవాబిస్తావని అమ్మ చెప్పింది, అందుకే రాస్తున్నాను. నా దస్తూరీ చూసి నవ్వకు. టెక్కలిలో నీ షాపులో నాకు డ్రైవింగూ, పానాలు పట్టుకోవడమూ నేర్పావు గాని అక్షరాలు గుండ్రంగా రాయడం నేర్పలేదు.

ముందు ఇంటి సంగతులు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు తప్ప బాగానే ఉంది. వేట నిషేధం అయిపోయింది కదా, మా ఆయన మహేష్ విశాఖ హార్బరులో బోటెక్కాడు. నాన్న ఒక వారం బాగుంటాడు, ఒక వారం బాగోడు. సముద్రం మీదికి వెళ్ళొద్దని డాక్టర్లు చెప్పిన దగ్గర్నుంచి ఆయన చేతులకి పని లేదు. పని లేకపోతే నాన్న ఎలా ఉంటాడో నీకు తెలుసు. మొన్న నిషేధం రోజుల్లో ఊళ్ళో అందరూ పడవలకి రంగులు వేసుకుంటుంటే చూడలేక మన వ్యానుకి వేశాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అడుగంతా రంగు. చూడ్డానికి కొత్త బండిలా ఉంది, ఆగడం మాత్రం ముసలి బండిలా ఆగుతోంది. అదే నేను రాయాల్సిన సంగతి.

నువ్వు బోట్ల పనికి గుజరాత్ వెరావల్ పోతూ నాకిచ్చిన ఈ వ్యానులోనే నాన్ననీ, చుట్టుపక్కల ఊళ్ళ కిడ్నీ మనుషుల్నీ పలాస డయాలసిస్‌కి తీసుకెళ్తున్నానని అమ్మ నీకు చెప్పే ఉంటుంది. వారానికి మూడుసార్లు. మొదటి షిఫ్టుకి అందుకోవాలంటే చీకటుండగానే బయల్దేరాలి. జీడితోటల మలుపు దాకా బండి బాగానే పోతుంది. అక్కడ రోడ్డు గతుకులు. ఆ గతుకుల్లోకి వచ్చేసరికి హెడ్‌లైట్లు మసకబారతాయి, స్టీరింగు ముందున్న దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి, ఇంజను ఆగిపోతుంది. సెల్ఫ్ తిప్పితే టిక్కుమంటుంది, అంతే. కాసేపు తిట్టుకుని, బానెట్ ఎత్తి దించి, మళ్ళీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. రోజూ ఇలా అవదు. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఒక్కసారీ అవలేదు. పలాసలో మెకానిక్‌కి చూపిస్తే ఫ్యూజులన్నీ పీకి పెట్టి, "బండికేటీ అవలేదమ్మా, నీకే కంగారు" అన్నాడు.

మా బండిలో ముందు సీట్లో వరహాలమ్మ అని ఒక పెద్దావిడ కూర్చుంటుంది. తను ఎక్కిన రోజే ఆగుతోందని ఆవిడకి దిగులు పట్టుకుంది. వెనక సీటుకి మారింది. అయినా ఆగింది. ఇంకెక్కడికి మారుతుంది చెప్పు.

ఏం చూడాలో రాయి.

నీ మేనకోడలు
సంతోషి


వెరావల్
13 జూలై

అమ్మా సంతోషీ,

నీ ఉత్తరం అందింది. దస్తూరీ చూసి నవ్వలేదు, చదవలేక కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఇక్కడ వానలు. బోట్లన్నీ గట్టున ఉన్నాయి గనక నాకు చేతినిండా పని. వీళ్ళు ఏడాదంతా వైర్లని ఉప్పునీళ్ళలో నానబెట్టి ఇప్పుడు నన్ను పిలుస్తారు. చెవుల వల్ల ఇబ్బంది లేదు, ఇంజను మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. టీ కొట్టు దగ్గర మనవాళ్ళే ఎక్కువ. ఉద్దానం యాసలో గుజరాతీ మాట్లాడుతుంటారట, నాకు అదృష్టం కొద్దీ ఏదీ వినబడదు.

నీ బండిది ఉండుండి వచ్చే జబ్బు. ఇలాంటిది మెకానిక్ ముందు రాదు. పాడైన వస్తువు పాడైనట్టే ఉంటే పట్టుకోవడం సుఖం. బాగున్నప్పుడు ఎంత వెతికినా దొరకదు గనక, ఆగిన క్షణంలో ఏమేం ఆన్‌లో ఉన్నాయో అది చూడాలి.

ఇవి రాయి. ఎప్పట్నుంచి మొదలైంది? అప్పుడు వైర్లని ఎవరు ముట్టుకున్నారు? ఆగినప్పుడు లైట్లు, ఫ్యాను, వైపర్లు ఏవి నడుస్తున్నాయి? నువ్వు కొత్తగా ఏం తగిలించావు? నిజం చెప్పు. నువ్వు పాటల పిచ్చిదానివి. వెనక పెద్ద స్పీకరు డబ్బా పెట్టి దాని వైరు ఎక్కడ పడితే అక్కడ గుచ్చి ఉంటావు. అదైతే ముందు పీకి అవతల పారెయ్.

ఎవరెన్ని చెప్పినా బ్యాటరీ మార్చకు. ఏమీ తోచని మెకానిక్ మొదట చెప్పేది అదే.

మీ నాన్నని, కూర్మారావు బావని అడిగానని చెప్పు. నీళ్ళు లెక్క ప్రకారం తాగుతున్నాడా, దొంగచాటుగా కొబ్బరిబోండాం కొడుతున్నాడా?

మావయ్య


వజ్రపుకొత్తూరు
21 జూలై

మావయ్యకి,

నీ ఉత్తరం వచ్చేసరికి బ్యాటరీ మార్చడం అయిపోయింది. లాభం లేదు.

స్పీకరు డబ్బా లేదు. డయాలసిస్‌కి పోయేవాళ్ళని ఎక్కించుకుని చీకట్లో పాటలు పెట్టుకుని తిరుగుతానని ఎలా అనుకున్నావు? నా బండి ఎక్కేవాళ్ళలో సగంమంది తిరుగు ప్రయాణంలో కళ్ళు తెరవలేరు. నీకు నేను ఇంకా షాపులో రేడియో తిప్పే గుంటపిల్లలాగే కనిపిస్తున్నాను.

మే నెలాఖరు నుంచి మొదలైంది. వైర్లని ఎవరూ ముట్టుకోలేదు. ఆగినప్పుడు హెడ్‌లైట్లు, లోపలి ఫ్యాను నడుస్తున్నాయి.

పోయిన గురువారం ఏం జరిగిందో విను. మలుపు దగ్గర ఆగిన బండి ఎంతకీ కదల్లేదు. వాన. ఆ వేళప్పుడు ఆ దారిలో ఇంకో బండి రాదు. వరహాలమ్మ తన వల్లే అనుకుంటూ దిగి, తను లేకపోతే కదుల్తుందేమోనని చీకట్లో ముందుకి నడిచి, గుంటలో కాలు పడి పడిపోయింది. మోకాలు చీరుకుపోయింది. తెల్లారి పాల బండి వాడు తాడు కట్టి లాగి మమ్మల్ని దాటించాడు. పలాస చేరేసరికి మా మంచాల మీద తర్వాతి షిఫ్టువాళ్ళు ఉన్నారు. మిగతావాళ్ళని సాయంత్రం ఎలాగో సర్దారు. నాన్న "నాకొద్దు, ముందు ఆళ్ళకి సెయ్యండి" అని తన వంతు వదిలేశాడు. ఆ రాత్రంతా కాళ్ళు ఉబ్బి, ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేనూ అమ్మా విసురుతూ కూర్చున్నాం. మర్నాడు ఎవరిదో కారు అడిగి తీసుకెళ్ళాను.

ఇప్పుడు అంటున్నాడు, "అమ్మీ, నానింక రాను. నా ఒక్కడి పేణం కోసం ఊరందరినీ రోడ్డు మీద పడీసినావు. సాలు." నిజంగానే అంటున్నాడు మావయ్యా. బతిమాలి, తిట్టి, అమ్మ చేత ఏడిపించి ఎక్కిస్తున్నాను. ఇంకొక్కసారి బండి ఆగితే ఎక్కడు. ఎక్కకపోతే ఏమవుతుందో నీకు రాయక్కర్లేదు.

కోటబొమ్మాళిలో ఇంకో మెకానిక్‌కి చూపించాను. సీటు కింద వైరు ఎప్పుడో తెగితే అతికించి పైన టేపు చుట్టి ఉందన్నాడు. "అమ్మినోడికి తెలుసు, నీకు సెప్పలేదు, అంతే" అన్నాడు. నీకు తెలుసా? తెలిసే ఇచ్చావా? నీ సొంత అక్క ఇంటికే ఇచ్చావు కదా ఈ బండి.

సంతోషి


వెరావల్
30 జూలై

శ్రీమతి సంతోషి గారికి,

మీ ఉత్తరం చేరినది.

సీటు కింద జాయింటు నేను వేసినదే. అయిదేళ్ళ క్రితం ఎలక కొరికితే టంకం పెట్టి అతికించాను. ఆ జాయింటుని మీ కోటబొమ్మాళి మెకానిక్ రెండు చేతులతో పట్టుకుని వేలాడవచ్చు, ఊడదు. తెగిన వైరు ఇచ్చి బంధువుల్ని మోసం చేసే అలవాటు నాకు లేదు. టెక్కలిలో పాతికేళ్ళ పాటు ఈ మాట నన్ను ఎవరూ అనలేదు. మీరు అన్నారు.

బండి విషయం. పడవలో కరెంటు పోవడానికి ఒక వైరు, తిరిగి రావడానికి ఒక వైరు వేస్తాం. బండిలో తిరిగొచ్చే వైరు ఉండదు. ఇనుప బాడీయే ఆ వైరు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక లావు నల్ల వైరు కిందకి పోయి ఛాసిస్‌కి బోల్టుతో బిగించి ఉంటుంది. దాన్నే ఎర్తు అంటారు, మీకు నేర్పాను, మరిచిపోయి ఉంటారు. అందరూ పోయే దారి చూస్తారు, వచ్చే దారి చూడరు. ఆ బోల్టు దగ్గర ఇనుముకి ఇనుము సరిగా తగలకపోతే వచ్చే దారి సన్నబడుతుంది. పగలు తక్కువ కరెంటు గనక సన్న దారిలో కూడా వచ్చేస్తుంది. తెల్లవారు ట్రిప్పులో లైట్లు, ఫ్యాను కలిసేసరికి చాలదు. గతుకులో ఆ కాస్త దారీ వదిలేస్తుంది. మీరు రాసిన దాన్ని బట్టి నా అనుమానం అదే.

బ్యాటరీ నెగటివ్‌కి ఇంకొక లావు వైరు తగిలించి, రెండో కొస బానెట్ లోపల ఒక మూల ఇనుము మెరిసేలా గీరి అక్కడ బిగించండి. అలాగే కొన్నాళ్ళు తిప్పండి. ఆగడం మానితే నా మాట నిజం. అప్పుడు కిందకి దూరి పాత బోల్టు విప్పి చూడండి.

ఇట్లు,
తెగిన వైరు అమ్మినవాడు

బావ రానంటే ఊరుకోకు. మోసుకుని ఎక్కించు. గురువారం సంగతి చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదే.


వజ్రపుకొత్తూరు
14 ఆగస్టు

మావయ్యా,

నన్ను గారు అన్నావు. ఆ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను, అమ్మ నా నెత్తి మీద మొట్టింది. నీ తప్పేం లేదు, కోటబొమ్మాళి వాడి మాట పట్టుకుని నిన్ను అలా అడగడం నా తప్పు. ఆ రోజు నాకు ఎవరో ఒకరిని తిట్టాలనిపించింది. దూరంగా ఉన్నావు గనక నువ్వు దొరికావు.

వైరు కట్టాను. వారం రోజులు తిరిగాను, వానలో, లైట్లూ ఫ్యానూ వైపరూ అన్నీ వేసి. ఒక్కసారీ ఆగలేదు. గతుకుల్లో కావాలనే జోరుగా పోనిచ్చాను, వెనకనుంచి అందరూ తిట్టారు. హెడ్‌లైటు రెప్ప వెయ్యలేదు.

తర్వాత నిన్న మధ్యాహ్నం నాన్న నిద్రపోతుంటే కిందకి దూరి పాత బోల్టు విప్పాను. నీ ఎర్తు వైరు కొస కింద నీలం రంగు. వాషరు కింద నీలం రంగు. వాషరు పైన నీలం రంగు. పడవలకి వేస్తారే, ఆ చిక్కటి రంగు, మూడు పూతలు. దాన్ని దాటి కరెంటు రాదు.

నేను అలాగే బండి కింద పడుకుండిపోయాను. బయటికి రాబుద్ధి కాలేదు.

నాన్న పని అది. ఊరికే బ్రష్షు తిప్పేసి వదల్లేదు. చేతికందిన బోల్టల్లా విప్పి, దాని కింద కూడా రంగేసి, ఆరాక మళ్ళీ బిగించాడు. పడవకి అలాగే చేస్తాడు కదా, మేకు కింద వదిలేస్తే ఉప్పు అక్కడినుంచే తినడం మొదలెడుతుందని. ఆ రోజుల్లో ప్రతి ఉదయం వల పరుచుకుని దాని మీద పడుకుని, సూదులు గుచ్చే చెయ్యి కాకుండా రెండో చేత్తో వేశాడు. మధ్యమధ్యలో బయటికొచ్చి ఆయాసం తీర్చుకునేవాడు. పని మధ్యలో ఆయన పాట పాడుకోవడం చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. నువ్వు వైర్లని ఎవరు ముట్టుకున్నారని అడిగావు. రంగుని నేను ఆ లెక్కలో పెట్టలేదు.

ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాను. బండి బాగయింది. ఇక్కడితో ఉత్తరం అయిపోవాలి. అవలేదు.

ఎందుకంటే నాన్న అడుగుతున్నాడు, "ఏటి దొరికింది? ఎక్కడ?" అని. బండిలో అందరూ అడుగుతున్నారు. గురువారం సంగతి ఆయన మర్చిపోలేదు. వరహాలమ్మ మోకాలికి కట్టు చూసినప్పుడల్లా, "ఈ బండిని ఇలాగ సేసినోడెవుడో గాని, ఈ ముసిల్దాని ఉసురు ఆడికి తగుల్తాది" అంటాడు. ఆ ఎవుడో తనేనని తెలిస్తే మళ్ళీ ఈ బండి మెట్టెక్కడు. నాకు ఆయన్ని తెలుసు. ఇంకో బండిలోనూ ఎక్కడు. నాకు ఇంకా బాధేమిటంటే, ఆయన ఆఖరిసారి చేతుల్తో చేసిన పని అదే. ఇంటికెవరొచ్చినా వంగోబెట్టి బండి అడుగు చూపిస్తాడు.

ఇప్పటికి "చూస్తున్నాం" అని దాటేస్తున్నాను. నాకు అబద్ధం చెప్పడం రాదు, మొహంలో తెలిసిపోతుంది. ఏం చెప్పమంటావు?

సంతోషి


వెరావల్
23 ఆగస్టు

అమ్మా సంతోషీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత జెట్టీ మీదికెళ్ళి కూర్చున్నాను.

బావ పనిలో తప్పు లేదు. ఒక్క బోల్టు కూడా వదలకుండా విప్పి రంగెయ్యడం అంటే మాటలా? ఇక్కడ కూలి తీసుకుని పడవలకి రంగేసేవాళ్ళు బోల్టు చుట్టూ బ్రష్షు తిప్పి పోతారు. అదే పని పడవకి చేసి ఉంటే నేను దండం పెట్టేవాణ్ణి. బండికి చేశాడు, అంతే. మరల్లో ఎక్కడో రవ్వంత ఇనుము తగులుతూ ఉండబట్టి అదైనా నడిచింది. నీ మొదటి ఉత్తరంలోనే రంగు సంగతి రాశావు, నేను స్పీకరు డబ్బా కోసం వెతుక్కుంటూ దాన్ని దాటేశాను.

చెప్పడానికి కొత్త అబద్ధం ఎందుకు? నువ్వే నాకు రాసిన మాట ఉంది కదా. అదే చెప్పు. సీటు కింద పాత వైరు లోపల తెగి ఉంది, మావయ్య అతికించి టేపు చుట్టి ఇచ్చాడు, చెప్పలేదు, అదే ఊడుతోంది అను. కోటబొమ్మాళి వాడు కూడా అదే చెప్పాడు గనక సాక్ష్యం కూడా ఉంది. నీ మొహంలో కోపం కనబడాలంటే ఆ రోజు నన్ను అడిగినప్పటి మొహం పెట్టు.

బావకి నా మీద కోపం రావడం మంచిదే. తన మీద తనకి వచ్చే కోపం మనిషిని మంచానికి కట్టేస్తుంది. నేను ఇంత దూరంలో ఉన్నాను, పైగా వినబడదు. ఎంత తిట్టుకున్నా నాకు ఇబ్బంది లేదు.

నువ్వు ఇంకోటి ఆలోచిస్తావని తెలుసు. దీపావళికి వచ్చి టెక్కలిలో షాపు మళ్ళీ తెరవాలని నాకు ఉంది, మీ అమ్మకి రాశాను. ఈ మాట పాకితే ఎవరొస్తారు అంటావు. వస్తే వస్తారు, లేకపోతే లేదు. బోట్లు ఎటూ పోవు.

వచ్చే నిషేధానికి బావ మళ్ళీ బ్రష్షు పట్టుకుంటాడు, పట్టుకోనీ. ఆ ఒక్క బోల్టు జోలికి పోవద్దని మాత్రం ముందే చెప్పు. కారణం అడిగితే, మావయ్య వైర్లని నమ్మలేం గనక నేనే చూసుకుంటాను అను.

వరహాలమ్మ గారిని మళ్ళీ ముందు సీట్లో కూర్చోబెట్టు.

మావయ్య


వజ్రపుకొత్తూరు
11 సెప్టెంబరు

మావయ్యా,

చెప్పేశాను.

రెండు రోజులు నోరు రాలేదు. పాతికేళ్ళలో ఎవరూ అనలేదని రాసిన మాట నా చేతే మళ్ళీ అనిపిస్తావా అని నీ మీద నిజంగానే కోపం వచ్చింది. పోయిన వారం జీడితోటల మలుపు దాటుతుంటే నాన్న మళ్ళీ అడిగాడు. అప్పుడు ఆ కోపంతోనే చెప్పాను, నువ్వు రాసిన మాటలే, ఒక్కటి మార్చకుండా. అద్దంలోంచి నాన్న మొహం చూశాను. ముందు నమ్మలేదు. తర్వాత చూస్తుండగానే వెన్ను నిటారుగా అయింది.

"తారకేసుగాడా? సొంత అక్క కూతురికి తెగిపోయిన వైరేసి ఇచ్చినాడేటి? ఆడికి సెవులే పోనాయనుకున్నాను, కళ్ళు కూడా పోనాయేటి?" అని మొదలెట్టాడు. మీ ఇద్దరి పెళ్ళిళ్ళ దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. నువ్వు చిన్నప్పుడు పడవెక్కి వాంతులు చేసుకున్న సంగతి బండిలో అందరికీ చెప్పాడు. వరహాలమ్మ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "పోన్లే బాబూ, తెలీక సేసుంటాడు" అంది. "తెలీకేటి? ఆడికన్నీ తెలుసు. ఆడిలాటి పనోడు ఈ జిల్లాలో లేడు, అందుకే కోపం" అన్నాడు. నేను స్టీరింగు పట్టుకుని ఏడుస్తూనే బండి నడిపాను. నాన్న చూసి అది నీ మోసానికి ఏడుపనుకున్నాడు, "ఊరుకో అమ్మీ, ఆడి సంగతి నాను సూసుకుంటాను" అన్నాడు.

మాట టెక్కలి దాకా పాకింది. నీ షాపు పక్క టైర్ల కొట్టాయన నిన్న అమ్మకి ఫోను చేసి నిజమేనా అని అడిగాడట. అమ్మ ఫోను పెట్టేసింది. అది రాయకుండా దాచాలనుకున్నాను గాని నీ దగ్గర దాచను.

నాన్న మాత్రం మారిపోయాడు. నీళ్ళు లెక్కప్రకారం తాగుతున్నాడు. సూదులు తీశాక తిరుగు ప్రయాణంలో పడుకోవడం లేదు, నిన్ను ఎక్కడ నిలబెట్టి ఏమని అడగాలో చెబుతూ వస్తాడు. "రానీ ఆడిని. టెక్కలి బస్టాండులో పదిమందిలో అడగతాను. ఆడొచ్చీదాకా నానుండాల గదా" అంటాడు. ఇవాళ చీకట్లో నేను లేపడానికి వెళ్తే మంచం ఖాళీగా ఉంది. అప్పటికే చొక్కా వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని వ్యానులో కూర్చుని ఉన్నాడు.

నిన్ను చూడాలని నాకు చాలా ఉంది. దీపావళికి మాత్రం రాకు మావయ్యా. కొన్నాళ్ళు ఆగి రా.

సంతోషి